మామ్మకి షుగర్ వచ్చింది, మేనత్తకి రాలేదు: ఈ ప్రశ్న పట్టుకుని ఏం చదవాలి?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా అమ్మాయి బైపీసీ చదివి నీట్ రెండుసార్లు రాసింది, సీటు రాలేదు. మళ్లీ లాంగ్ టర్మ్ అంటే వద్దంటోంది. సన్నగా ఉండే మా అత్తగారికి షుగర్ ఎందుకొచ్చింది, బాగా లావుగా ఉండే మా ఆడపడుచుకి ఎందుకు రాలేదని ఒకటే అడుగుతోంది. లావుకీ రక్తంలోని పదార్థాలకీ సంబంధం ఏమిటో, అది ఒక్కో దేశపు ఆడవాళ్లలో ఒక్కోలా ఎందుకుంటుందో చదువుతుందట. చివరికి ల్యాబ్ టెక్నీషియన్ అవుతుందేమోనని నాకు టెన్షన్.

జవాబు: అమ్మా, మూడోసారి లాంగ్ టర్మ్‌లో వేయకండి. మీ అమ్మాయి అడుగుతున్నది ఎంతోమంది శాస్త్రవేత్తలు ఇప్పటికీ తవ్వుతున్న ప్రశ్నే. రక్తంలోని వందల చిన్న చిన్న పదార్థాలని కొలిచి, ఒంట్లో ఏం జరుగుతోందో తెలుసుకునే ఈ చదువుని మెటబాలోమిక్స్ అంటారు.

లావుగా ఉన్నవాళ్ల రక్తంలో లూసిన్, ఐసోలూసిన్, వాలిన్ అనే అమైనో ఆమ్లాలు (ప్రొటీన్లు తయారయ్యే ముక్కలు) ఎక్కువగా ఉంటాయని అమెరికాలో 1969లోనే గమనించారు. 2011లో అక్కడి ఫ్రామింగ్‌హామ్ ఊరివాళ్ల రక్తం పరీక్షించి, ఈ మూడూ, వీటితోపాటు ఇంకో రెండూ ఎక్కువగా ఉన్నవాళ్లకి ముందుముందు షుగర్ వచ్చే అవకాశం ఎక్కువని చూపించారు. అదీ జబ్బు బయటపడటానికి 12 ఏళ్ల ముందు దాకా. కానీ వాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లు. అంతే బీఎంఐ (ఎత్తుని బట్టి చూసే బరువు లెక్క) ఉన్న మన ఆడవాళ్ల ఒంట్లో కొవ్వు ఎక్కువ, అదీ పొట్ట చుట్టూ. అందుకే అధిక బరువుకి మామూలు బీఎంఐ హద్దు 25 అయితే, ఆసియావాళ్లు 23 దగ్గరే జాగ్రత్త పడాలంటారు. అమెరికాలోని నల్లజాతి ఆడవాళ్లకి అంతే బరువున్నా పొట్ట లోపలి కొవ్వూ, రక్తంలో ట్రైగ్లిజరైడ్లనే కొవ్వూ సాధారణంగా తక్కువే. మరి అక్కడి కొలతలు కోనసీమ ఆడవాళ్లకి ఎంతవరకు సరిపోతాయి? ఇక్కడ విడిగా కొలిచి చూస్తేనే తెలుస్తుంది. మన రాష్ట్రంలో ఆడవాళ్లలో మూడో వంతుకి పైగా అధిక బరువుతో ఉన్నారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. చేయాల్సిన పని చాలా ఉందమ్మా.

పని ఎలా ఉంటుందో ఒక్కటి చెబుతాను. రోహిణీ కార్తెలో మీ ఊళ్లో పరగడుపున పాతికమంది దగ్గర రక్తం తీశారనుకోండి. మామూలు ట్యూబులో పోసి అలా ఉంచేస్తే అందులోని కణాలు గ్లూకోజుని తింటూనే ఉంటాయి. గంటకి 5 నుంచి 7 శాతం తగ్గిపోతుంది, ఎండ వేడికి ఇంకా త్వరగా. మధ్యాహ్నానికి ఆ రక్తం అబద్ధం చెబుతుంది! వెంటనే ఐసులో పెట్టాలి, మిషన్లో గిర్రున తిప్పి, కణాలు పోగా మిగిలే ద్రవం, అంటే ప్లాస్మా తీయాలి, మైనస్ 80 డిగ్రీల్లో దాచాలి. ఆ తర్వాతే మాస్ స్పెక్ట్రోమీటర్, అంటే అణువుల బరువుని బట్టి ఏ పదార్థం ఎంతుందో చెప్పే మిషను. ఒక్కో ట్యూబుకి వందల అంకెలు వస్తాయి. వాటిలో ఏది లావు వల్ల, ఏది వయసు వల్ల, ఏది రాత్రి తిన్న చేపల పులుసు వల్ల మారిందో విడదీయాలి. అంటే ఇది సగం కెమిస్ట్రీ, సగం స్టాటిస్టిక్స్.

అందుకే డిగ్రీలో కెమిస్ట్రీ గానీ బయోకెమిస్ట్రీ గానీ మేజర్‌గా తీసుకోమనండి. బైపీసీ పిల్లలు లెక్కలంటే పారిపోతారు, నాకు బెంగంతా అక్కడే. మొదటి ఏడాది నుంచే స్టాటిస్టిక్స్, పైథాన్ అనే కంప్యూటర్ భాష కొద్దికొద్దిగా నేర్చుకోవాలి. డిగ్రీ తర్వాత ఐఐటీ జామ్, సీయూఈటీ పీజీ, గాట్-బి లాంటి ప్రవేశ పరీక్షలు రాసి మంచి చోట ఎమ్మెస్సీ చేయాలి. హైదరాబాద్‌లో సెంట్రల్ యూనివర్సిటీ ఉంది, తిండి మీదే పరిశోధన చేసే జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) ఉంది. పీహెచ్‌డీకి సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ అనే ఫెలోషిప్ వస్తే నెలకి 37,000 రూపాయలు ఇస్తారు. పీహెచ్‌డీ వద్దనుకున్నా, మాస్ స్పెక్ట్రోమీటర్ మీద చేయి తిరిగినవాళ్లకి ఫార్మా ల్యాబుల్లో పని దొరుకుతుంది.

ఒకటి మాత్రం దాచను. డాక్టరీలా పేరు ముందు బోర్డు ఉండదు. స్థిరపడటానికి పదేళ్లు పట్టవచ్చు. పెళ్లి సంబంధాలవాళ్లు మధ్యలో అడుగుతారు, మీరు గట్టిగా నిలబడాలి.

అడ్మిషన్‌కి వెళ్లినప్పుడు ఫీజు అడిగే ముందు కెమిస్ట్రీ ల్యాబ్ తలుపు తీయించి చూడండి. బ్యూరెట్ల మీద దుమ్ము పేరుకుని ఉంటే ఇంకో కాలేజీకి వెళ్లండి.