పాకుడు పట్టిన ర్యాంపు మీద బోటు దించబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు ట్రైలర్‌తో సహా బోటు కొన్నావనీ, ఎవరి సాయమూ లేకుండా పొద్దున నువ్వే నీటిలోకి దించి, సాయంత్రం నువ్వే పైకి తెచ్చుకోవాలనుకుంటున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆమె గొంతులో సంతోషమూ ఉంది, భయమూ ఉంది. విన్నప్పటి నుంచి నాకూ అలాగే ఉంది. నీటి మీద నిన్ను గురించి నాకు బెంగ లేదు. నీకు ఈత వచ్చు, లైఫ్ జాకెట్ వేసుకోవడానికి బద్ధకించవు, గాలి మారితే వెనక్కి తిరిగే వివేకం ఉంది. నా బెంగంతా నేలకూ నీటికీ మధ్యనున్న ఆ కొన్ని గజాల వాలు గురించే. బోటు నడపడం నేర్పడానికి చాలామంది ముందుకు వస్తారు గానీ, ర్యాంపు మీద ఎలా మసలుకోవాలో కూర్చోబెట్టి చెప్పేవారు తక్కువ. అందుకే ఈ ఉత్తరం పొడుగైనా ఓపికగా చదువు.

తేలికగా చెప్పదగినవి ముందు చెబుతాను. ర్యాంపు దగ్గరికి చేరగానే నేరుగా వాలు మీదికి పోకుండా, పక్కన చదునైన చోట ఆపి సిద్ధపడే పనులన్నీ అక్కడే ముగించు. బోటు అడుగున నీరు పోయే రంధ్రానికి ప్లగ్ బిగించు. వెనుక పట్టీలు విప్పు, కానీ ముక్కు దగ్గరి వించ్ (బోటును ట్రైలర్ మీదికి లాగడానికి చేత్తో తిప్పే చక్రం) పట్టీనీ గొలుసునూ బోటు వెనుక భాగం నీటిలో తేలేదాకా ముట్టుకోవద్దు. వాలు మీద వాటిని ముందే విప్పితే బోటు జారి కాంక్రీటు మీద పడుతుంది. ముక్కుకు ఒకటి, వెనుకకు ఒకటి పొడవైన తాళ్లు కట్టు. ఇంజన్‌ను పైకి ఎత్తి ఉంచు. ట్రైలర్ దీపాల వైరు ఊడదీయి. దూరం నుంచి వచ్చి ఉంటే చక్రాల బేరింగులు చల్లారేదాకా ఆగు. వేడిగా ఉన్న వాటిని చల్లని నీటిలో ముంచితే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుని సీలు సందుల్లోంచి నీటిని పీల్చుకుంటుంది. గ్రీజు పాడై, తరువాత ఎప్పుడో రోడ్డు మీద వెళ్తుండగా చక్రం పట్టేస్తుంది. వెనక్కి నడిపేటప్పుడు చేతిని స్టీరింగ్ కింది భాగాన ఉంచుకుంటే, ట్రైలర్ ఏ వైపు వెళ్లాలో చేతిని ఆ వైపే కదిపితే సరిపోతుంది. దీన్ని ఖాళీ మైదానంలో అలవాటయ్యేదాకా సాధన చెయ్యి. వాలు మీద, నీటి అంచున, వెనుక ఎవరో ఎదురుచూస్తుండగా నేర్చుకోవలసిన పని కాదు ఇది.

ఇక పాకుడు సంగతి. ర్యాంపులకు సాధారణంగా 12 నుంచి 15 శాతం వాలు ఉంటుంది. కంటికి అదేమంత ఏటవాలుగా కనిపించదు గానీ, 1500 కిలోల బోటూ ట్రైలరూ 15 శాతం వాలు మీద నిలబడితే దాదాపు 220 కిలోల బలంతో బండిని కిందికి లాగుతూనే ఉంటాయి. పొడి కాంక్రీటు మీద టైర్లు ఆ లాగుడుకు సులువుగా నిలుస్తాయి. పాకుడు మీద నిలవవు. పాకుడు నీటి అడుగున మాత్రమే ఉంటుందని అనుకోవద్దు. నీటిమట్టం పెరిగి తగ్గే చోట నల్లగా, ముదురు ఆకుపచ్చగా ఒక పట్టీ ఏర్పడుతుంది, అది పైపైన ఆరిపోయి ఉత్త మరకలా కనిపిస్తుంది. బండిని దించే ముందు గరుకు అడుగున్న బూట్లు వేసుకుని, ర్యాంపు అంచు వెంట చిన్న అడుగులతో నడిచి, ఆ పట్టీ ఎక్కడ మొదలవుతుందో నీ పాదంతో నువ్వే తెలుసుకో. కాంక్రీటులో పట్టు కోసం వేసిన గాట్లు బురదతో పూడిపోయి ఉంటే అవి లేనట్టే లెక్క. పలచగా ఇసుక చల్లితే కొంత మేలు. అప్పటికీ అనుమానంగా ఉంటే ఆ రోజుకు ఇంటికి వచ్చెయ్యి. బోటు మరో రోజు కూడా నీటిలో దిగుతుంది.

ఆ జారుడు ఎంతటిదో నీకు తెలియాలంటే మీ నాన్న చేసిన ఒక పొరపాటు గురించి రాయక తప్పదు. ఆయన నీకెప్పుడూ చెప్పలేదు. రాయవచ్చా అని అడిగితే, ఏమీ దాచకుండా రాయమని ఆయనే అన్నారు. నువ్వు పుట్టకముందు ఒక రోజు బావగారూ, అక్కా, నేనూ పొద్దున బోటు దించి సాయంత్రం తిరిగి వచ్చాం. పొద్దున ఏ ఇబ్బందీ కలగలేదు. సాయంత్రానికి ఆటు వచ్చి నీరు బాగా వెనక్కి పోయింది. పొద్దున నీటి అడుగున ఉన్న కాంక్రీటు బయటపడి, దాని మీద పాకుడు తడితడిగా మెరుస్తోంది. ట్రైలర్ నీటిదాకా చేరాలంటే బండి వెనుక చక్రాలను ఆ పాకుడు మీదికి తేవలసి వచ్చింది, ముందు చక్రాలు మాత్రం ఇంకా పొడి నేల మీదే ఉన్నాయి. మరికొందరు తమ వంతు కోసం ఎదురుచూస్తున్నారు. ఆ తొందరలో బావగారు పార్కింగ్ గేరు వేసి, హ్యాండ్ బ్రేకు లాగి, వించ్ తిప్పడానికి దిగిపోయారు. చలిగాలికి అద్దాలు మూసుకుని, సీటు బెల్టు పెట్టుకుని అక్క ముందు సీటులోనే కూర్చుంది. నేను ముక్కు తాడు పట్టుకుని పక్కన చెక్క వంతెన మీద నిలబడి ఉన్నాను.

వించ్ తిరిగేకొద్దీ, అంతవరకూ నీరు మోసిన బరువు కొంచెం కొంచెంగా ట్రైలర్ మీదికి వచ్చింది. బోటు సగం ఎక్కేసరికి బండి కదిలింది. వెనుక చక్రాలు బిగుసుకుపోయినవి అలాగే జారుతున్నాయి, ముందు చక్రాలు అడ్డూ ఆపూ లేకుండా దొర్లుతున్నాయి, ఏ చప్పుడూ లేదు. బావగారు వించ్ వదిలి తలుపు వైపు పరుగెత్తబోయి వెల్లకిలా పడ్డారు. బండి వెనుక చక్రం ఆయన మోకాలికి జానెడు ఎడంగా దాటిపోయింది. అక్క తేరుకునేలోపే నీరు తలుపు సగానికి వచ్చింది, బయటి ఒత్తిడికి తలుపు కదలలేదు. బెల్టు బొత్తాం కోసం ఆమె చేతులు తడుముకోవడం అద్దంలోంచి నాకు కనిపించింది. అదృష్టవశాత్తు ట్రైలర్ చక్రాలు ర్యాంపు చివరి అంచు దాటి గోతిలో పడి, ఇరుసు కాంక్రీటుకు తట్టుకోవడంతో బండి ఆగింది. అద్దం ఇంకా పనిచేసింది కాబట్టి దించి, ఆమెను కిటికీలోంచి బయటికి లాగాను. ఎవరికీ దెబ్బ తగలలేదు. కానీ ఆ తరువాత చాలా కాలం అక్క బండి ఎక్కగానే అద్దం దించి కూర్చునేది. నువ్వు ర్యాంపు అన్న మాట అనగానే ఆమె ఎందుకు మౌనంగా అయిపోయిందో ఇప్పుడు నీకు అర్థమవుతుంది.

బండి జారడానికి కారణం ఇది. కాలి బ్రేకు నాలుగు చక్రాలనూ పట్టుకుంటుంది. హ్యాండ్ బ్రేకు చాలా బళ్లలో వెనుక రెండింటినే పట్టుకుంటుంది. వెనుక చక్రాలతో నడిచే బండి అయితే పార్కింగ్ గేరు కూడా ఆ రెండింటినే బిగిస్తుంది. బావగారు బ్రేకు మీద నుంచి కాలు తీయగానే, పొడి నేల మీద మంచి పట్టున్న ముందు చక్రాలు రెండూ విడుదలైపోయాయి; భారమంతా పాకుడు మీదున్న రెండు చక్రాల మీదే పడింది. బ్రేకులు చెడిపోలేదు, గేరు జారలేదు. ఆయన జాగ్రత్త లేని మనిషీ కాదు, అందుకే నాకు ఇంత భయం.

కాబట్టి ఈ నాలుగు మాటలూ నా కోసం పాటించు తల్లీ. వాలు మీద ఉన్నంతసేపూ డ్రైవరు తప్ప బండిలో ఎవరూ ఉండకూడదు, పిల్లలైతే అసలే వద్దు. నీ బెల్టు విప్పి, అద్దాలు దించి, తలుపు తాళం తీసి ఉంచుకో. బండి ఆగాక నువ్వు కాలి బ్రేకు నొక్కిపట్టి ఉండగానే, నీతో వచ్చిన మనిషి పక్క నుంచి వచ్చి, పొడి నేల మీదున్న ముందు చక్రాలకు కింది వైపున అడ్డు దిమ్మెలు పెట్టాలి. పాకుడు మీద పెట్టిన దిమ్మె చక్రంతో పాటే జారుతుంది. ఆ తరువాత న్యూట్రల్‌లో ఉంచి హ్యాండ్ బ్రేకు లాగు, కాలు మెల్లగా సడలించి బండి నిలిచిందని చూసుకో, అప్పుడు పార్కింగ్ గేరు వేసి దిగు. దిమ్మెలకు తాడు కట్టుకుంటే తిరిగి తీయడం మరిచిపోవు. బండి వెనుక, ట్రైలర్ వెనుక, బిగుసుకున్న వించ్ పట్టీకి ఎదురుగా ఎవరినీ నిలబడనివ్వకు.

దించడంకన్నా తిరిగి తేవడమే కష్టమని గుర్తుంచుకో. పొద్దున బయలుదేరే ముందే సాయంత్రానికి నీరు ఎంత తగ్గుతుందో విచారించు. ట్రైలర్‌ను మరీ లోతుకు దించితే బోటు తేలుతూ పక్కకు తిరిగి, పైకి వచ్చాక వంకరగా కూర్చుంటుంది. అడుగున పొడవైన పలకలున్న ట్రైలర్‌కు మడ్‌గార్డులు నీటి అంచుకు వచ్చేంత లోతు సాధారణంగా చాలు. రోలర్లున్నదానికి ఇంకా తక్కువ సరిపోతుంది. బోటును ఇంజన్ బలంతో ట్రైలర్ మీదికి తోలవద్దు, వించ్‌తోనే లాగు. ప్రొపెల్లర్ వెనక్కి తోసిన నీరు ర్యాంపు చివర మట్టిని తవ్వి గొయ్యి చేస్తుంది. ఆనాడు మమ్మల్ని ఆపింది అలాంటి గొయ్యే అయినా, మామూలు రోజున ట్రైలర్ చక్రాలు అందులో దిగబడి ఇరుసు విరుగుతుంది. పైకి ఎక్కేటప్పుడు నిదానంగా, ఒకే వేగంతో రా. చక్రాలు ఒక్కచోటే తిరుగుతుంటే యాక్సిలరేటర్ తొక్కకు. పాకుడు ఇంకా నునుపెక్కుతుంది తప్ప బండి కదలదు. దిమ్మెలు మళ్లీ పెట్టించి, పైన పొడి నేల మీద నిలబెట్టిన మరో బండికి గట్టి తాడు కట్టి లాగించుకో, ఆ తాడు దగ్గరికి ఎవరినీ రానివ్వకు. ముందు చక్రాలతో నడిచే బండి అయితే ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ, వాలు మీద బరువు వెనక్కి వాలి ముందు చక్రాలు తేలికైపోతాయి. నాలుగు చక్రాలతో నడిచే బండి దొరికితే అదే తీసుకెళ్లు.

చదునుకు వచ్చాక పట్టీలు బిగించి, ప్లగ్ తీసి నీరు వదిలి, అంటుకున్న నీటి మొక్కలను అక్కడే తీసెయ్యి. ఉప్పునీరైతే ఇంటికి వచ్చాక మంచినీటితో ట్రైలర్‌ను, బ్రేకులతో సహా, కడుగు.

ఒంటరిగా చేయాలన్న పట్టుదల మాత్రం మొదట్లో పక్కన పెట్టు. నువ్వు చేయలేవని కాదు, చక్రాలకు దిమ్మెలు పెట్టే మనిషి వేరే ఉండాలి గనుక. ఏ రోజు దించుతావో నిర్ణయించుకుని రాయి. నా దిమ్మెలూ తాళ్లూ తీసుకుని ముందు రోజే వస్తాను. ఇద్దరం కలిసి ర్యాంపు చూసివద్దాం.

ఆశీస్సులతో,
మావయ్య