తామర గుంట పక్కన తడి మడి

చి. లక్ష్మికి పెద్దమ్మ ఆశీస్సులు.

తామర గుంట పక్కన చేమ, వస, సరస్వతి ఆకు పెంచుకుంటానన్నావు. మంచిదే. కానీ అప్పుడే నర్సరీకి పరుగెత్తకు, ముందు మట్టి సంగతి చూడు. మీ పెరట్లో రెండడుగులు తవ్వితే మొరమే కదా, ఎన్ని బిందెలు పోసినా నిలవదు. అందుకని అడుగున షీటు తప్పదు.

గుంట అంచు నుంచి ఒక అడుగు గట్టు వదిలి, అడుగున్నర లోతు తవ్వించు. ఆ గట్టు మాత్రం కదిలించనివ్వకు. మడి మట్టి గుంట నీళ్లకు తగిలిందంటే ఒత్తి నూనె పీల్చినట్టు పీల్చేస్తుంది, ఎండాకాలంలో చేపలు బురదలో పడి కొట్టుకుంటాయి. పైగా మడిలోని సారం నీళ్లలోకి దిగితే నాచు పట్టి గుంటంతా పచ్చబడుతుంది.

షీటుకి పాత టార్పాలిన్ చాలు. దానికి చిల్లులు పెట్టాలంటే అల్లుడు నవ్వుతాడేమో, నవ్వనీ. మూడడుగులకొకటి, చూపుడు వేలు దూరేంత. నీళ్లు అసలు దిగకపోతే లోపల గాలి ఆడక మట్టి కుళ్లిన గుడ్డు కంపు కొడుతుంది, వేళ్లు నల్లబడి చస్తాయి. చిల్లులు పూడిపోకుండా పైన రెండంగుళాల మందాన 20 ఎంఎం కంకర పరిపించు.

ఇక మట్టి. చెరువు పూడిక మట్టి దొరికితే నీ అదృష్టం. 2015లో తెలంగాణలో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ పథకం మొదలయ్యాక రైతులు ట్రాక్టర్లతో పొలాలకు తోలుకున్నది ఆ మట్టే. ఎండబెట్టి, గడ్డలు చితక్కొట్టి, రెండు తట్టలకి ఒక తట్ట ఎర్రమట్టి, ఒక తట్ట బాగా మాగిన ఆకు ఎరువు కలుపు. పచ్చి పేడ వద్దే వద్దు. యూరియా పేరే ఎత్తకు. ఎవరైనా కోకోపీట్, అదే కొబ్బరి పీచు పొట్టు, వెయ్యమంటే ఉప్పు పోయేదాకా కడిగి వెయ్యి.

కలిపాక తడిపి గుప్పెడు తీసి పిసికి చూడు. వేళ్ల సందుల్లోంచి ఒకటి రెండు చుక్కలు రాలాలి. గుప్పిట విప్పి బొటనవేలితో నొక్కితే ముద్ద విరగాలి. విరగకుండా జిగటగా సాగిందా, ఇంకాస్త ఆకు ఎరువు పడాలి.

నింపేటప్పుడు మడిలో దిగి తొక్కొద్దు, అడ్డంగా చెక్క వేసుకుని దాని మీద నిలబడు. నింపి, నిండా తడిపి రెండు వారాలు వదిలెయ్యి. మట్టి కుంగుతుంది, కుంగినంత మళ్లీ నింపు. రెండో రోజుకి కూడా పైన నీళ్లు మెరుస్తుంటే ఇనప చువ్వతో ఇంకో రెండు చిల్లులు పొడిపించు. నీళ్లు నిలిస్తే వారం పది రోజుల్లో దోమలు లేస్తాయి, పక్కింటివాళ్లతో మాట పడాలి.

మీ బోరు నీళ్లకి పైన తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. డాబా మీద పడిన వాననీళ్లు పైపుతో మడిలోకి మళ్లించుకుంటే మేలు.

తొలకరి లోపు తవ్వకం ముగించు. చేమ దుంపలు నేను పంపుతాను. వస మాత్రం కొనుక్కో, మా దగ్గర ఈ ఏడు పలచగా ఉంది.

మీ పెద్దమ్మ