సుగంధిపాల వేరు నిజంగా ఒంటికి చలవ చేస్తుందా? సీసా షర్బత్ కొంటే సరిపోదా?

మీరు అడిగినవి రెండు. ఎండాకాలమంతా తాగమని మీ అత్తగారు చెబుతున్న సుగంధిపాలలో నిజంగా విషయం ఉందా అన్నది ఒకటి. ఉంటే సూపర్ మార్కెట్ సీసా చాలదా అన్నది రెండోది. మొదటిదానికి నా జవాబు, ఉంది. రెండోదానికి, కొనే ముందు సీసా వెనక చిన్న అక్షరాలు చదవండి. పంచదార, రంగు, ఎసెన్సు తప్ప వేరు ఊసే లేని సీసాలు చాలా కనిపిస్తాయి. వేరు తెచ్చుకుని ఇంట్లో చేసుకోవడం ఏమంత కష్టం కాదు. దాన్ని కుతకుతా మరిగించకూడదని తెలిస్తే చాలు.

మా నాన్న షిప్‌యార్డులో వెల్డరు. విశాఖ ఎండ సంగతి మీకు తెలుసు కదా, వేడి కంటే ఉక్కపోతే మనిషిని పీల్చేస్తుంది. మే నెలలో ఇనుప రేకుల మధ్య పనిచేసి ఇంటికొచ్చేసరికి ఆయన కళ్లు ఎర్రబడేవి, మెడ చుట్టూ చెమటకాయలు పేలేవి, మూత్రం మంటగా ఉందనేవారు. మా అమ్మ సుగంధిపాల వేర్లు కచ్చాపచ్చాగా దంచి, పల్చటి గుడ్డలో మూటగట్టి మట్టికుండ నీళ్లలో వేసేది. ఇంటిల్లిపాదీ ఆ నీళ్లే తాగేవాళ్లం. నాన్నకు మాత్రం రాత్రి విడిగా నానేసిన చిక్కటి నీళ్లలో పటికబెల్లం కలిపి పొద్దున్నే ఇచ్చేది. ఆ మంట తగ్గేది. నీళ్లు కడుపునిండా తాగడమే అందులో సగం వైద్యం అని నా నమ్మకం. మామూలు నీళ్లు ఒక గ్లాసుతో ఆపేసే మనిషి, ఆ వాసన తగిలితే రెండో గ్లాసు అడిగేవారు.

ఇది మన ఇళ్లలో పుట్టిన చిట్కా మాత్రమే కాదు. సంస్కృతంలో దీన్ని సారిబ అంటారు, అనంతమూలం అని కూడా అంటారు. చరక సంహితలో ఒంటి మంటను చల్లార్చే పది ద్రవ్యాలను ఒకచోట చేర్చి చెప్పారు. పేలాలు, చందనం, వట్టివేరు, తిప్పతీగ వంటివాటి మధ్య సారిబ కూడా ఉంది. జ్వరం తగ్గించేవాటిలోనూ, తల్లిపాలను శుద్ధి చేసేవాటిలోనూ మళ్లీ దీని పేరు వస్తుంది. సుశ్రుతుడైతే ఒక మందుల గుంపుకే సారిబాది గణం అని పేరు పెట్టాడు. దప్పిక, మంట, పిత్తజ్వరం తగ్గించడం దాని పని. సింహాచలం అప్పన్నను ఏడాదిలో ఒక్క రోజు తప్ప చందనంలోనే చూసుకునే మనకు చందనం చలవ గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. శాస్త్రం ఈ సన్నటి వేరును ఆ చందనం పక్కనే కూర్చోబెట్టింది.

తెల్లవాళ్లకూ ఇది నచ్చింది. అమెరికా ఖండం నుంచి యూరప్‌కు వచ్చే సార్సపరిల్లా వేరును వాళ్లు రక్తశుద్ధికని, సుఖవ్యాధులకని వాడేవారు. మన దేశంలో దానికి బదులుగా సుగంధిపాలను వాడుకున్నారు. అందుకే ఇంగ్లీషులో దీన్ని ఇండియన్ సార్సపరిల్లా అంటారు గానీ, వృక్షశాస్త్రం ప్రకారం ఆ రెండింటికీ చుట్టరికం లేదు. 1864 నాటి బ్రిటిష్ ఫార్మకోపియాలోకి, అంటే బ్రిటన్ అధికారిక మందుల గ్రంథంలోకి, హెమిడెస్మస్ అన్న శాస్త్రీయ నామంతో ఇది ఎక్కింది. అందులో సిరప్ చేసే పద్ధతి చూస్తే నాకు మా అమ్మ గుర్తొచ్చింది. దంచిన వేరు మీద మరిగే నీళ్లు పోసి, మూతపెట్టి, నాలుగు గంటలు కదపకుండా ఉంచి, వడగట్టి, తేరిన నీళ్లలో పంచదార కరిగించమంటారు. పొయ్యి మీద వేరును ఉడికించమనే మాటే లేదు. ఆయుర్వేదంలో రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టే హిమం, వేడినీళ్లు పోసి వడగట్టే ఫాంటం ఉన్నాయి కదా, ఇదీ ఆ దారే.

కారణం వాసనలోనే ఉంది. ఆ పరిమళాన్నిచ్చే పదార్థం వెనిలా వాసననిచ్చే వెనిలిన్‌కు రసాయనికంగా దాయాది. అణువుల లెక్క ఒకటే, అమరిక వేరు. అది ఆవిరితో పాటు ఎగిరిపోతుంది. అరగంట మరిగిస్తే వంటిల్లంతా ఘుమఘుమలాడుతుంది, గిన్నెలో చేదు నీళ్లు మిగులుతాయి.

నేను చేసే తీరు ఇది. యాభై గ్రాముల వేర్లు మట్టి పోయేలా కడిగి, నీడలో ఆరబెట్టి దంచుతాను. సారమంతా పై బెరడులోనే ఉంటుంది, లోపలి పుల్ల ఏరి పారేసినా నష్టం లేదు. అర లీటరు మరిగిన నీళ్లు పోసి మూతపెట్టి రాత్రంతా వదిలేస్తాను. పొద్దున వడగట్టి, ముప్పావు కిలో పంచదార వేసి సన్నసెగ మీద కరిగేవరకే ఉంచి దింపేస్తాను. చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టుకోవడమే. గ్లాసు నీళ్లకు రెండు చెంచాలు, నిమ్మరసం, ఉంటే నానిన సబ్జా గింజలు. రంగు లేత గోధుమలా ఉంటుంది. బజారు సీసాల్లో కనిపించే ముదురు ఎరుపు, నలుపు రంగులు ఈ వేరు నుంచి వచ్చేవి కావు.

వేరు కోసం పూర్ణా మార్కెట్ వైపు మూలికల కొట్లలో అడగండి, పాడేరు, అరకు వైపు వెళ్తే సంతల్లో చూడండి. విశాఖలోనే ప్రధాన కార్యాలయం ఉన్న గిరిజన సహకార సంస్థ 1956 నుంచి ఉంది. వాళ్ల దుకాణాల్లో నన్నారి షర్బత్ అమ్ముతారు (నన్నారి అన్నది సుగంధిపాలకే ఇంకో పేరు), రెడీమేడ్‌గానే కావాలంటే నేనైతే అదే తీసుకుంటాను. అసలు వేరు పెన్సిలంత, ఇంకా సన్నగా, వంకర్లు తిరిగి, పైన ముదురు గోధుమ రంగులో అడ్డంగా పగుళ్లతో ఉంటుంది. బాగా లావుగా, కండగా ఉంటే అది మారేడు కొమ్ము అనే ఇంకో తీగ వేరు అయ్యుంటుంది, మారేడు చెట్టుకూ దానికీ సంబంధం లేదు. వాసన దాదాపు అదే, నమిలితే నాలుక చురచురమంటుంది. అదేమీ విషం కాదు, రాయలసీమలో దానితోనూ షర్బత్ చేస్తారు, ఊరగాయ పెడతారు. కానీ సుగంధిపాల పేరు చెప్పి అది అంటగడితే మాత్రం ఒప్పుకోకండి. ఇక వాసనే లేని వేరు ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఇది ఉపశమనమే, చికిత్స కాదు. మూత్రం మంటతో పాటు జ్వరం, నడుము నొప్పి, రక్తం కనిపించడం వంటివి ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్లండి, షర్బత్ తాగుతూ రోజులు గడపొద్దు. వడదెబ్బ తగిలిన మనిషికి కూడా ఆసుపత్రే దారి. షుగర్ ఉన్నవాళ్లు పాకం జోలికి పోకుండా ఉత్తి నానిన నీళ్లే తాగాలి. గర్భిణులు, రోజూ మందులు వేసుకునేవాళ్లు ముందు తమ డాక్టరును అడిగి తీరాలి.

మేడ మీద చోటుంటే ఒక తీగ పెంచుకోండి. సన్నటి ఆకుల మధ్య ఈనె వెంబడి తెల్లటి చార ఉంటుంది, తుంచితే పాలు కారతాయి, అలా గుర్తుపట్టొచ్చు. లోతైన కుండీ, పాకడానికి ఒక కర్ర కావాలి. వేరు ఊరడానికి రెండేళ్లయినా పడుతుంది. తవ్వినప్పుడు కొంత వేరు మట్టిలోనే వదిలేస్తే మళ్లీ చిగురేస్తుంది. ఈ ఎండాకాలానికి మాత్రం కొట్లో దొరికే వేరునే తెచ్చుకోండి.