లీవ్ రిజర్వ్ లేని వార్డులో సిస్టర్ ఎక్కడి నుంచి వస్తుంది?

మీ నాన్నగారికి సెలైన్ అయిపోయి ఎంత పిలిచినా సిస్టర్ రాలేదని, హైదరాబాద్‌లో ఇన్ని నర్సింగ్ కాలేజీలుండగా ఈ కొరత ఎవరి తప్పని అడిగారు. నగరంలోని ప్రైవేటు ఆసుపత్రుల్లో వార్డు ఇన్‌ఛార్జ్‌గా ఏళ్ల తరబడి డ్యూటీ చార్టులు వేశాను. నా సమాధానం: పడకలు పెంచే నిర్ణయం తీసుకునేవాళ్లది.

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్కలో జనరల్ వార్డుకు బోధనాసుపత్రిలో 3 పడకలకు, మామూలు ఆసుపత్రిలో 5 పడకలకు ఒక నర్సు. ఐసీయూలో పడకకొకరు. వీళ్లు కాక 30 శాతం లీవ్ రిజర్వ్, అంటే సెలవులో ఉన్నవాళ్ల బదులు పనిచేసే అదనపు నర్సులు ఉండాలి. అసలు దెబ్బ ఈ 30 శాతం దగ్గరే పడుతుంది. వీక్లీ ఆఫ్‌లు, జ్వరాలు, ప్రసూతి సెలవులు ఏ వార్డులోనైనా ఉంటాయి. ఖర్చు తగ్గించాలనుకోగానే మేనేజ్‌మెంట్ ముందు కోసేది ఈ రిజర్వునే. ఇక ఒకమ్మాయి కాన్పుకు వెళ్లిందంటే మిగతావాళ్లకు డబుల్ డ్యూటీలు. నైట్ చేసి పొద్దున కూడా ఆగిపోయిన పిల్ల చేతిలో ఇన్సులిన్ సిరంజి చూస్తే నాకు గుండె దడగా ఉండేది. అలా అలిసిపోయి ఒకరు మానేస్తారు, ఆ భారం మోయలేక ఇంకొకరు.

జీతం సంగతీ అంతే. సుప్రీంకోర్టు 2016లో ఇచ్చిన ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ, 50 పడకల్లోపు ఆసుపత్రైనా నర్సుకు నెలకు కనీసం 20,000 రూపాయలు ఇవ్వాలంది. మా దగ్గర కొత్తగా చేరినవాళ్లకు అంత ఎప్పుడూ రాలేదు. 2024 జనవరి చివర్లో ఎల్బీ స్టేడియంలో ప్రభుత్వం దాదాపు 7 వేల మంది స్టాఫ్ నర్సులకు నియామక పత్రాలిచ్చింది. మా వార్డు నర్సులూ కొందరు అందులోకి వెళ్లారు, నాకు సంతోషమే. పైవాళ్లు మాత్రం ‘నర్సులు దొరకట్లేదు’ అంటూనే కొత్త ఫ్లోర్ తెరిచారు. ఆ మీటింగుకు నర్సింగ్ సూపరింటెండెంట్‌ను పిలవనే లేదు.

అంతకుముందు పనిచేసిన చోట ఒక మెడికల్ సూపరింటెండెంట్ ఉండేవారు. స్టాఫ్ తగ్గితే కొత్తవాళ్లు చేరేదాకా కొన్ని పడకలు మూయించేవారు. రోగుల బంధువులు గొడవ చేస్తే మమ్మల్ని ముందుకు తోయకుండా తనే వచ్చి మాట్లాడేవారు. అక్కడ మానేసినవాళ్లు చాలా తక్కువ.

ఈసారి అడ్మిషన్ ముందు రాత్రి డ్యూటీలో ఆ వార్డుకు ఎన్ని పడకలు, ఎంతమంది సిస్టర్లు అని అడగండి. ఫిర్యాదు చేయాల్సి వస్తే ఆ రాత్రి డ్యూటీలో ఉన్న అమ్మాయి పేరు మీద కాకుండా మెడికల్ సూపరింటెండెంట్‌కు, ఈ లెక్క అడుగుతూ రాతపూర్వకంగా ఇవ్వండి.