ఓవర్‌డోస్ ముప్పు మ్యాప్ ఇస్తామంటే తీసుకోవాలా?

మీరు అడిగింది ఇదీ: రాబోయే ఆరు నెలల్లో డ్రగ్స్ ఓవర్‌డోస్ మరణాలు ఎక్కడ ఎక్కువ జరగొచ్చో చూపే మ్యాప్‌ని ఆరోగ్య శాఖ వాళ్లు మీ వాలంటీర్ బృందానికి ఇస్తామంటున్నారు, నమ్మొచ్చా అని.

తీసుకోండి. అమెరికాలో ఒక కౌంటీలో ఇలాంటి డేటా మీద పనిచేశాను, హెరాయిన్, ఫెంటానిల్ లాంటి డ్రగ్స్ ఓవర్‌డోస్‌కి విరుగుడు మందైన నలోక్సోన్ పంచే బృందంతోనూ తిరిగాను. మీరు రోజూ వెళ్లే వీధి మ్యాప్‌లో ఎర్రగా కనిపిస్తే కొత్తగా తెలిసిందేమీ లేదు. ముందు మీ నలోక్సోన్ కిట్లు ఏయే వీధుల్లో పంచారో లెక్క తీసి, దాన్ని మ్యాప్ పక్కన పెట్టి చూడండి. ఎర్రగా ఉండి ఒక్క కిట్ కూడా చేరని చోటే మీకు కావాల్సింది. మాకలా బయటపడినవి మామూలు అపార్ట్‌మెంట్లు. అక్కడ తలుపేసుకుని ఒంటరిగా వాడతారు, ఊపిరి ఆగితే ముక్కులో స్ప్రే కొట్టే మనిషి ఉండడు. రోడ్డు మీద టేబుల్ వేసి కూర్చుంటే వాళ్లెందుకు వస్తారు? మేనేజర్లని బతిమాలి లాండ్రీ గదుల్లో కిట్లు పెట్టించాం.

అలాగని మ్యాప్ చూపని చోట్లు వదిలేయకండి. రోడ్ ఐలండ్‌లో బ్రౌన్ యూనివర్సిటీ పరిశోధకులు, రాష్ట్ర ఆరోగ్య శాఖ కలిసి ఇలాంటి అంచనాలను పరీక్షించడానికి చేసిన ప్రావిడెంట్ అనే ట్రయల్‌లో పెట్టుకున్న లక్ష్యమే, 20 శాతం ప్రాంతాలను గుర్తిస్తే కనీసం 40 శాతం మరణాలు వాటిలో ఉండాలని. అది నెరవేరినా సగానికి పైగా మరణాలు బయటే ఉండొచ్చు కదా.

డేటా ఎక్కడిదో కూడా అడగండి. మరణ కారణం ఖరారు కావాలంటే ఒంట్లో ఏ డ్రగ్స్ ఉన్నాయో చెప్పే టాక్సికాలజీ రిపోర్టు రావాలి, దానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఈలోపు వీధిలో సరుకే మారిపోతుంది. అంబులెన్స్ కాల్స్ త్వరగా అందుతాయి గానీ వాటిలో ఇంకో చిక్కుంది. పోలీసులొస్తారన్న భయంతో చాలామంది అమెరికా అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయరు. 2023 మార్చిలో నార్కాన్ అనే నలోక్సోన్ ముక్కు స్ప్రేని ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మడానికి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒప్పుకుంది, అంటే ఇంట్లోనే మనిషిని బతికించుకుని కాల్ చేయని సందర్భాలూ ఉంటాయి. మీరు కిట్లు బాగా పంచిన చోటే కాల్స్ తగ్గి మ్యాప్ రంగు వెలిసిపోవచ్చు. అది చూసి ఆ వీధికి వెళ్లడం మానకండి.

ఒప్పుకునే ముందు ఒక్కటి మాత్రం రాతపూర్వకంగా తీసుకోండి: ఈ మ్యాప్ పోలీసులకు వెళ్తుందా, లేదా? మీ వ్యాన్ ఆగిన చోటల్లా పెట్రోలింగ్ పెరిగితే, జనం మీ దగ్గరికి రావడం మానేస్తారు.