గ్రహాలు బట్టీపడితే రావు: ప్రొద్దుటూరు అమ్మకు జవాబు

ప్రశ్న: మా అమ్మాయి ప్రొద్దుటూరులో తొమ్మిదో తరగతి చదువుతోంది. చంద్రయాన్-3 దిగినప్పటి నుంచి గ్రహాలంటే పిచ్చి. వాళ్ల సైన్స్ మేడమ్ ఎర్త్ సైన్స్ ఒలింపియాడ్ రాయమన్నారు. అందులో గ్రహాల భాగం కోసం రోజూ దూరాలు, సైజులు, ఉపగ్రహాల పేర్లు నోట్సు రాసి బట్టీపడుతోంది. వాళ్ల నాన్నేమో ఇదంతా టైమ్ వేస్ట్, ఐఐటీ ఫౌండేషన్ చదువుకోమంటున్నారు. ఇద్దరి మధ్యా నాకు టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, రాయనివ్వండి. కానీ ఆ బట్టీ మాత్రం ఈ రోజే ఆపించండి. 2023లో శని ఉపగ్రహాలు 146. 2025 మార్చిలో ఒకేసారి మరో 128 కలిసి 274 అయ్యాయి. ఇలా మారిపోయే లెక్కను గుర్తుపెట్టుకోవడానికి పిల్ల రాత్రిళ్లు మేలుకోవడం నాకు బాధనిపిస్తుంది. ఈ పోటీలో నెగ్గాలంటే "ఎంత" తెలిస్తే చాలదు, "ఎందుకలా" అని ఆలోచించడం రావాలి.

ఒక ఉదాహరణ చెప్తాను. శుక్రుడి గాలిలో 96 శాతం కార్బన్ డయాక్సైడ్. అంగారకుడి గాలిలోనూ 95 శాతం అదే. అయినా శుక్రుడి నేల 460 డిగ్రీలు దాటి కాలుతుంటే, అంగారకుడు సగటున మైనస్ 60 దగ్గర గడ్డకట్టి ఉంటాడు. ఎందుకు? సూర్యుడికి దగ్గర, దూరం అంటే సగం జవాబే. అదొక్కటే కారణమైతే శుక్రుడి కంటే బుధుడు వేడిగా ఉండాలి, కానీ లేడు. శుక్రుడి మీద గాలి ఒత్తిడి మన భూమి మీదకంటే దాదాపు 90 రెట్లు, అంగారకుడి మీద నూరో వంతు కూడా లేదు. కార్బన్ డయాక్సైడ్ గ్రహం వేడిని బయటకు పోనివ్వని దుప్పటి లాంటిది. ఆ దుప్పటి ఏ బట్టతో చేశారన్నదే కాదు, ఎంత మందంగా ఉందన్నదీ చూడాలి. ఇలాంటి ప్రశ్న ఒక్కటి తనంతట తాను విప్పుకుంటే మీ అమ్మాయికి వంద అంకెల కంటే ఎక్కువ పనికొస్తుంది.

ఇక చేతులతో చేసే పని ఒకటి. వచ్చే ఆదివారం ఒక పాత బేసిన్‌లో ముగ్గుపిండి రెండు అంగుళాల మందాన పోసి, పైన ఎర్రమట్టి పలచగా జల్లించండి. ఒక గోలీని అడుగు ఎత్తు నుంచి వదలాలి, తర్వాత రెండడుగులు, ఆ తర్వాత నాలుగు. ప్రతిసారీ గుంత వెడల్పు స్కేలుతో కొలిచి రాసుకోవాలి. ఒక్కో ఎత్తు నుంచి ఐదుసార్లు వదిలి సగటు తీయమనండి. ఎత్తు నాలుగు రెట్లు పెంచినా గుంత నాలుగు రెట్లు పెరగదు. గ్రాఫ్ గీస్తే గీత వంగుతుంది. ఆ వంపు చూసి "ఇదేంటి?" అని తను అడిగిందంటే సగం ప్రిపరేషన్ అయినట్టే.

గోలీ పడగానే కింది తెల్లపిండి ఎర్రమట్టి మీద చారలు చారలుగా చిమ్ముతుంది. పున్నమి రోజు బైనాక్యులర్ తెచ్చి చంద్రుడి దక్షిణ భాగం చూపించండి. టైకో అనే 85 కిలోమీటర్ల గుంత నుంచి అచ్చం అలాంటి చారలే కనిపిస్తాయి. అవి ఇంకా తెల్లగా ఉన్నాయంటే ఆ గుంత చంద్రుడి వయసుతో పోలిస్తే కొత్తదన్నమాట. దాని వయసు సుమారు పది కోట్ల ఏళ్లని అంచనా.

ఇప్పుడు గోలీని ఏటవాలుగా విసరమనండి. గుంత పొడుగ్గా వస్తుంది. చంద్రుడి మీద చూస్తే దాదాపు అన్నీ గుండ్రంగానే ఉంటాయి! రాళ్లన్నీ నిట్టనిలువునా పడలేదు కదా, మరి ఎలా? సెకనుకు పది, ఇరవై కిలోమీటర్ల వేగంతో వచ్చిన రాయి నేలను తవ్వుకుంటూ పోదు, తాకిన చోటే బాంబులా పేలుతుంది. అందుకే గుండ్రం. మన గోలీకి ఆ వేగం లేదు. ఇంట్లో చేసిన ప్రయోగం అసలు సంగతితో ఎక్కడ కలవలేదో, ఎందుకు కలవలేదో చెప్పగలగడం నా దృష్టిలో ఈ సబ్జెక్టులో అన్నిటికంటే ముఖ్యం.

మీరుండే చోటు కూడా అదృష్టమే. నాపరాయి గనిలో పొరల మీద పొరలు కనిపిస్తాయి. అడుగు పొర ముందు ఏర్పడింది, పై పొర తర్వాత. చంద్రుడి ఫొటోలో ఒక గుంత మీద ఇంకో గుంత పడి ఉంటే ఏది పాతదో చెప్పే లెక్క కూడా అదే. గండికోటలో పెన్నా కోసిన లోయ ముందు నిలబెట్టి, అంగారకుడి మీది ఎండిన నదీలోయల ఫొటోలు ఫోన్‌లో చూపించండి. నీరు పారిన ఆనవాలు ఏంటో తనే వెతుక్కుంటుంది.

చంద్రయాన్-3 ఇష్టమన్నారు కదా. అందులో వెళ్లిన ప్రజ్ఞాన్ రోవర్, అంటే చంద్రుడి మీద తిరిగే చిన్న బండి, 103 మీటర్లు తిరిగి 23 చోట్ల మట్టిని పరీక్షించింది. ఆ మట్టిలో ఎక్కువగా అనార్థోసైట్ అనే లేత రంగు రాయి ఆనవాళ్లున్నాయని అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీ శాస్త్రవేత్తలు 2024లో ప్రకటించారు. ఒకప్పుడు చంద్రుడి పైభాగమంతా కరిగిన రాతి సముద్రం. అది చల్లారుతుంటే తేలిక ఖనిజాలు, పాల మీద మీగడలా పైకి తేలాయి. అనార్థోసైట్ అలా ఏర్పడిందే. దీని వెనక ఉన్నది సాంద్రత, అంటే తొమ్మిదో తరగతి ఫిజిక్స్ పాఠమే. వాళ్ల నాన్నగారికి ఈ మాట తప్పకుండా చెప్పండి. గురుత్వాకర్షణ, వేడి, ఒత్తిడి, గ్రాఫులు, అన్నీ ఫౌండేషన్‌లో ఉన్నవే. అక్కడ సూత్రంగా చదివేదాన్ని ఇక్కడ వాడి చూస్తుంది.

ఒక జాగ్రత్త. ఈ ఒలింపియాడ్‌లో గ్రహాలు ఒక భాగమే. రాళ్లు, వాతావరణం, సముద్రాలు కూడా ఉంటాయి. వాటికి ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి భౌతిక భూగోళశాస్త్రం పుస్తకం మంచి మొదలు. వారానికి రెండు సాయంత్రాలు, ఆదివారం ఉదయం చాలు. మన దేశంలో ఎంపిక పరీక్షను జియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా నిర్వహిస్తూ వచ్చింది. తేదీలు ఏటా మారతాయి కాబట్టి నోటిఫికేషన్ మీరే చూసుకోండి. ఈసారి సెలెక్ట్ కాకపోయినా ఇంకో అవకాశం ఉంటుంది, తను ఇంకా తొమ్మిదిలోనే ఉంది కదా.

తర్వాత దారి ఏంటంటారా? ఇంటర్‌లో ఎంపీసీ తీసుకోమనండి. సైన్స్ చదువు, పరిశోధన కోసం కేంద్రం పెట్టిన సంస్థలు ఐసర్‌లు. వాటి ప్రవేశ పరీక్ష రాసి తిరుపతి ఐసర్‌కి వెళ్లొచ్చు. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో ర్యాంకు వస్తే తిరువనంతపురంలో అంతరిక్ష విజ్ఞానం నేర్పే ఐఐఎస్‌టీ ఉంది. డిగ్రీలో జియాలజీ చదివి, ఆంధ్రా యూనివర్సిటీలోనో ఉస్మానియాలోనో ఎమ్మెస్సీ చేసి పరిశోధనకు వెళ్లే దారీ ఉంది. దాచకుండా చెప్తున్నాను, ఈ రంగంలో పీహెచ్‌డీ దాకా ఓపిక కావాలి, ఉద్యోగాలు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నన్ని ఉండవు. ఆ నిర్ణయానికి ఇంకా మూడేళ్ల టైమ్ ఉంది. ఇప్పుడే తేల్చమని పిల్లని నిలదీయకండి.

ఆదివారం బేసిన్ సిద్ధం చేశాక వాళ్ల నాన్నగారిని కూడా పిలవండి. గోలీ ఆయన వదలాలి, కొలత అమ్మాయి తీసుకోవాలి.