మాత్ర మింగి పరగడుపున నడిస్తే వణుకు వచ్చింది... మెంతుల నీళ్ళతో మాత్రలు తగ్గుతాయా?

ప్రశ్న: నా వయసు 56. మాది రాజమహేంద్రవరం. ఎనిమిదేళ్లుగా షుగర్ ఉంది. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర రెండు పూటలా వాడుతున్నాను. ఉదయం థైరాయిడ్ మాత్ర, బీపీ మాత్ర కూడా ఉన్నాయి. గత నెల హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు చక్కెరను చూపే రక్తపరీక్ష) 7.8 వచ్చింది. నడవమన్నారు కదా అని పక్కింటివాళ్ళతో కలిసి తెల్లవారుజామున ఐదింటికి గోదావరి గట్టు మీద గంటసేపు నడవడం మొదలుపెట్టాను. తిరిగి వచ్చేసరికి ఆలస్యమవుతుందని మూడు మాత్రలూ మెంతుల నీళ్ళతోనే మింగి బయలుదేరేదాన్ని. మూడో రోజు ఒళ్ళంతా చెమట పట్టి చేతులు వణికాయి. నాలుగో రోజుకు మోకాళ్ళు వాచాయి, మానేశాను. అరికాళ్ళలో తిమ్మిర్లు కూడా ఉన్నాయి. మేడ మీద కుండీల్లో కరివేపాకు, పుదీనా, తులసి, వాము ఆకు పెంచుతున్నాను. ఇవి రోజూ తింటే మాత్రలు మానేయవచ్చని అంటున్నారు. నిజమేనా? నడక మళ్ళీ ఎలా మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు మోకాళ్ళ గురించే ఎక్కువ బెంగ పడుతున్నట్టున్నారు గానీ, నన్ను కలవరపెట్టింది మూడో రోజు పట్టిన చెమట, వణుకు. గ్లిమెపిరైడ్ అనే మందు క్లోమ గ్రంథి చేత ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తుంది. మీరు తిన్నారా, ఖాళీ కడుపుతో ఉన్నారా అన్నది దానికి పట్టదు. అటు మాత్ర పనిచేస్తూ ఉండగా, ఇటు నడిచే కాళ్ళ కండరాలు రక్తంలోని చక్కెరను లాక్కుంటూ ఉంటే, రాత్రి భోజనం తర్వాత ఏమీ తినని శరీరంలో రక్తంలోని చక్కెర డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే కిందికి జారిపోవడానికి గంట నడక చాలు. మీకు జరిగింది అదేనని నా అనుమానం. అయితే షుగర్ ఉన్నవారిలో గుండె జబ్బు ఛాతీ నొప్పి లేకుండా కేవలం చెమట, ఆయాసం, నీరసం రూపంలోనూ బయటపడవచ్చు కాబట్టి, నడక మళ్ళీ మొదలుపెట్టే ముందు మీ డాక్టరుకు ఈ సంగతి చెప్పి, ఒక ఈసీజీ తీయించుకోండి. నడుస్తుండగా ఛాతీలో బిగుతు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, ఎన్నడూ లేని ఆయాసం వస్తే, ఇంటికి వెళ్ళి చూద్దాం అనుకోకుండా అక్కడే కూర్చుని 108కి ఫోన్ చేయించాలి.

వణుకు, చెమట మళ్ళీ వస్తే నడక ఆపి, మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలుపుకుని తాగండి. లడ్డూ, చాక్లెట్ పనికిరావు. వాటిలోని కొవ్వు చక్కెరను రక్తంలోకి త్వరగా చేరనివ్వదు. పదిహేను నిమిషాల తర్వాత గ్లూకోమీటరుతో చూసుకుని, ఇంకా 70 కంటే తక్కువ ఉంటే మరోసారి తాగి, తేరుకున్నాక ఏదైనా టిఫిన్ తినండి. గ్లూకోజ్ పొడి పొట్లం ఒకటి చీర కొంగున కట్టుకున్నా సరే, సంచీలో వేసుకున్నా సరే, నడకకు వెళ్ళేటప్పుడు మీ దగ్గర ఉండి తీరాలి.

ఇక ఆ మూడు మాత్రలను మెంతుల నీళ్ళతో మింగడం గురించి. థైరాయిడ్ మాత్ర ఒంటికి పట్టాలంటే దాన్ని లేవగానే మంచినీళ్ళతో, ఒక్కదాన్నే వేసుకుని, కనీసం అరగంట, వీలైతే గంట ఏమీ తినకుండా, తాగకుండా ఉండాలి. మెంతుల్లోని జిగురు పీచు ఆ మాత్రను పేగు నుంచి సరిగా పీల్చుకోనివ్వకపోవచ్చు. షుగర్ మాత్ర టిఫిన్ ముందు వేసుకోవలసినదే తప్ప, టిఫిన్‌కు గంటన్నర ముందు కాదు. మాత్ర వేసుకుంటే పది, పదిహేను నిమిషాల్లో కంచం ముందు కూర్చోవాలి. థైరాయిడ్ పరీక్ష ఈ మధ్య చేయించుకోకపోతే, ఈ పద్ధతి మార్చిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ అనే ఆ రక్తపరీక్ష ఒకసారి చేయించుకోండి.

నడకకు తెల్లవారుజామే మంచిదన్న నమ్మకం మనలో బలంగా ఉంది. మీ విషయంలో అంతకంటే మంచి వేళ భోజనం తర్వాత. తిన్నాక రక్తంలో చక్కెర పెరుగుతున్న సమయంలోనే కాళ్ళు కదిలితే, పిక్కల్లో, తొడల్లో ఉండే పెద్ద కండరాలు ఇన్సులిన్ కోసం ఎదురుచూడకుండానే ఆ చక్కెరను వాడుకుంటాయి. మొదటి వారం ఉదయం టిఫిన్ తర్వాత పది నిమిషాలు, రాత్రి భోజనం తర్వాత పది నిమిషాలు చాలు. ప్రతి వారం ఒక్కో నడకకు రెండు మూడు నిమిషాలు కలుపుకుంటూ పోతే, నెలా నెలన్నరకు రోజుకు నలభై నిమిషాలకు చేరతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దవారికి వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థమైన వ్యాయామం కావాలి. దాన్ని ముక్కలుగా చేసినా లెక్కలోకే వస్తుంది. వరుసగా రెండు రోజులకు మించి మానకండి. ఫోన్‌లో పదివేల అడుగులు పూర్తి కాలేదని దిగులు పడనక్కర్లేదు. ఆ అంకె 1965 ప్రాంతంలో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే ఒక పరికరాన్ని అమ్మడానికి పెట్టిన పేరు నుంచి వచ్చింది గానీ, ఏ వైద్య పరిశోధనా తేల్చినది కాదు. పక్కవారితో మాట్లాడగలుగుతూ, పాట మాత్రం పాడలేనంత వేగం ఉంటే అదే సరైన నడక. మీ ఊరి మే నెల ఎండల్లో టిఫిన్ తర్వాతి నడక ఇంట్లో వరండాలోనే కానివ్వండి.

మోకాళ్ళు వాచినది నడక వల్ల కాదు, అలవాటు లేని మోకాళ్ళతో ఒక్కసారిగా గంట నడవడం వల్ల అయి ఉండవచ్చు. వాపు పూర్తిగా తగ్గేవరకు ఆగండి. ఈలోపు కుర్చీలో కూర్చుని ఒక్కో కాలును నేరుగా చాచి, పది అంకెలు లెక్కపెట్టేంతసేపు బిగించి దించండి, పూటకు పదిసార్లు. తొడ ముందుభాగం గట్టిపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. నడిచాక రెండు గంటలు దాటినా నొప్పి పోకపోతే ఆ రోజు ఎక్కువ నడిచారని అర్థం; మర్నాడు కొంత తగ్గించండి.

అరికాళ్ళ తిమ్మిర్లు అంతకంటే జాగ్రత్తగా చూడవలసినవి. ఎనిమిదేళ్ల షుగర్ నరాలను దెబ్బతీసి ఉండవచ్చు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడినవారిలో బి12 విటమిన్ తగ్గి కూడా ఇలాంటి తిమ్మిర్లే వస్తాయి. బి12 పరీక్ష, పాదాల స్పర్శ పరీక్ష రెండూ చేయించుకోండి. స్పర్శ తగ్గిన పాదానికి వేడి తెలియదు. వేసవిలో మధ్యాహ్నం గుడి చుట్టూ చెప్పుల్లేకుండా పదకొండు ప్రదక్షిణలు చేసి, సాయంత్రానికి రెండు అరికాళ్ళూ బొబ్బలెక్కినా నొప్పి తెలియని ఒక పెద్దాయనకు నేను నెలన్నర పాటు కట్లు కట్టాను. మీరు కుండీలకు నీళ్ళు పోయడానికి మేడ ఎక్కేటప్పుడు ఎలాగూ ఉత్త కాళ్ళతోనే వెళ్తుంటారు. ఇకమీదట అలా వద్దు. పార్కుల్లో గులకరాళ్ళు పరిచిన దారి మీద చెప్పుల్లేకుండా నడవడమూ మీకు కాదు. నడకకు మడమను పట్టి ఉంచే, వేళ్ల దగ్గర వెడల్పుగా ఉండే బూట్లు, నూలు సాక్సులు వాడి, రాత్రి పడుకునే ముందు అరికాళ్ళను అద్దంలో చూసుకోండి.

మీ మేడ మీది ఆకుల దగ్గరికి వద్దాం. వాటిలో ఏదీ మీ మాత్రకు బదులు కాదు. మెంతులకు మాత్రం కొంత ఆధారం ఉంది: హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాటి మీద పనిచేసింది. అయితే ఆ పరిశోధనల్లో ఇచ్చిన మోతాదు రోజుకు 25 గ్రాములు, కొన్నిట్లో అంతకంటే ఎక్కువ; 25 గ్రాములంటేనే దాదాపు ఆరు చెంచాలు. పని చేసేది గింజలోని పీచు గనుక, రాత్రి నానబెట్టిన మెంతులను వదిలేసి పైనున్న నీళ్ళు తాగితే పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఒక చెంచా నానిన గింజలను మధ్యాహ్నం మజ్జిగతో తినడం మొదలుపెట్టి, కడుపుబ్బరం లేకపోతే రెండు చెంచాలకు పెంచండి. ఈ సంగతి మీ డాక్టరుకు తెలియజేయండి, ఎందుకంటే మాత్రతో పాటు ఇదీ చక్కెరను కొంత తగ్గిస్తుంది. తులసి నాలుగైదు ఆకులు వేసుకుంటే ఇబ్బంది లేదు, కషాయాలు కాచి గ్లాసులకు గ్లాసులు తాగడం వద్దు. వాము ఆకు బజ్జీలకు బాగుంటుంది కానీ, మీరు దాన్ని చారులోనో పెరుగు పచ్చడిలోనో వేసుకోండి.

కరివేపాకు, పుదీనా, కొత్తిమీర చేసే అసలు మేలు వేరే ఉంది. కూరలో వాసన, పులుపు, ఘాటు నిండుగా ఉంటే ఉప్పు తగ్గినా నాలుకకు వెలితి తెలియదు. రోజుకు ఉప్పు 5 గ్రాములు దాటకూడని బీపీ మనిషికి ఇది చిన్న సాయం కాదు. ఆవకాయ ముక్క బదులు పుదీనా, పచ్చిమిర్చి నూరి పెరుగులో కలుపుకోండి. ఒక్క హెచ్చరిక: కరివేపాకు కారం బాగా కుదిరిన రోజున ముద్ద మీద ముద్ద దిగుతుంది, నెయ్యి కూడా దాని వెంటే వస్తుంది. అప్పుడు లాభం కాస్తా అన్నంలో కొట్టుకుపోతుంది. ఆ కారాన్ని అన్నంలో కాకుండా బీరకాయ, సొరకాయ కూరల మీద చల్లుకోండి.

కుండీల్లో మెంతికూర కూడా వేయమంటాను. పోపుల పెట్టెలోని మెంతులనే రాత్రి నానబెట్టి చల్లితే మూడు నాలుగు రోజుల్లో మొలిచి, మూడు వారాలు దాటేసరికి పప్పులోకి కోతకు వస్తుంది. ధనియాలను మాత్రం రెండు బద్దలుగా నలిపి వేయండి, ఎండ ముదిరితే కొత్తిమీర త్వరగా పూతకు వస్తుంది కనుక కాస్త నీడ పట్టున ఉంచండి. పుదీనా కట్టలో మిగిలిన కాడలను నీళ్ళలో నిలబెడితే వేళ్ళు పట్టుకుంటాయి. కుండీలను నేల మీద కాకుండా పీట మీదో, బల్ల మీదో పెట్టుకుంటే గొంతుక్కూర్చునే పని తప్పి మోకాళ్ళకు సుఖం. కుండీ కింది పళ్ళేల్లో నీళ్ళు నిలిస్తే డెంగీ దోమ గుడ్లు పెడుతుంది, వారానికొకసారైనా వాటిని ఒంపేయండి.

రెండు వారాల పాటు పరగడుపున ఒకసారి, భోజనమైన రెండు గంటలకు ఒకసారి చక్కెర చూసుకుని, నడిచిన నిమిషాలతో సహా ఒక పుస్తకంలో రాసి మీ డాక్టరుకు చూపించండి. అంకెలు కిందికి వస్తూ, వణుకు మళ్ళీ కనిపిస్తూ ఉంటే ఆయనే గ్లిమెపిరైడ్ మోతాదు తగ్గిస్తారు, లేదా చక్కెరను అంతగా పడిపోనివ్వని మరో మందుకు మారుస్తారు. అప్పటివరకు ఒక్క మాత్ర కూడా మీ అంతట మీరు ఆపవద్దు. హెచ్‌బీఏ1సీ మళ్ళీ మూడు నెలలకు చేయించండి, అంతకుముందు చేయిస్తే మీ నడక ఫలితం అందులో పూర్తిగా కనిపించదు.